మూకుడు దించిన ఇల్లు

తెనాలిలో మేము అద్దెకున్న ఇంటికి రెండు వాటాలు. ముందు వాటా మాది. వెనక వాటాలో ఉల్లి సమోసాలు చేసి రైల్లో అమ్ముకునే కుటుంబం ఉండేది. మధ్యలో నాపరాళ్ళు పరిచిన సన్నటి నడవ, రెండిళ్ళకూ కలిపి ఒక చేతిపంపు. రెండువేల సంవత్సరం దాటి మూణ్ణాలుగేళ్ళయి ఉంటుంది. నేను ఒక దినపత్రికలో విలేకరిగా పనిచేసేవాణ్ణి. పొద్దున్నే పత్రికలన్నీ ముందేసుకుని, మేము వదిలేసిన వార్త ఇంకెవరు రాశారా అని వెతుక్కుంటుంటే, వెనక నుంచి మైదాపిండి ముద్దను బల్లకేసి కొట్టే చప్పుడు వినిపించేది.

వాళ్ళు ముస్లిములు. ఇంట్లో ఉర్దూ, నడవలోకి వస్తే తెలుగు. సమోసాలాయన, ఆయన తల్లి, భార్య, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళ తరువాత ఒక మగపిల్లవాడు. పెద్దవాళ్ళు ముగ్గురూ పని పంచుకునేవారు. ముసలమ్మ మైదా పొరలు పల్చగా ఒత్తి, పెనానికి ఒకసారి చూపించి, పట్టీలుగా కోసేది. కోడలు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి తరిగి, వాటి నీరు పీల్చుకోవడానికి గుప్పెడు అటుకులు కలిపి, పట్టీల్లో కూరి మూడు మూలలుగా మడిచేది. వేయించడం మాత్రం ఆయనే. నూనె మూకుడు దగ్గరికి ఇంకొకర్ని రానిచ్చేవాడు కాదు. వెదురు బుట్టలో అడుగున పాత పేపర్లు పరిచేవారు. అవి మా ఇంటి నుంచే వెళ్ళేవి. నేను రాసిన వార్తలు చాలావరకు ఆ నూనె పీల్చుకోవడంతోనే ముగిసిపోయాయి.

ఆ సమోసాలన్నీ రేపల్లె బండిలోనే ఖర్చయ్యేవి. పొద్దున తెనాలి నుంచి రేపల్లె పోయే పాసింజరులో ఒకసారి, సాయంత్రం అదే దారిలో ఇంకోసారి. వేమూరు దాటేసరికి సగం బుట్ట ఖాళీ. ఆ బండిలో అమ్ముకునేవాళ్ళకు రాత లేని కట్టుబాటొకటి ఉండేది. ఒక బండిలో ఒక సరుకుకి ఒకడే మనిషి. టీకి ఒకడు, జామకాయలకి ఒకామె, సమోసాకి ఈయన. దాన్ని వాళ్ళు లైను అనేవారు. ఎవరైనా కొన్నాళ్ళు కనిపించకపోతే ఆ లైను ఖాళీ అయినట్టే. ఎత్తుకున్నవాడిదే అవుతుంది. ఎందుకెత్తుకున్నావని అడిగే హక్కు పాతవాడికి ఉండదు. సమోసాలాయన తన ముందటి మనిషి నడుం నొప్పితో మంచాన పడితే అలాగే ఎత్తుకున్నాడు. అందుకే ఆయనకు జ్వరమొచ్చినా బండి తప్పేవాడు కాదు.

మాఘమాసం వెళ్ళే రోజుల్లో, పెద్దమ్మాయి బడి నుంచి ఒళ్ళు వెచ్చగా వచ్చింది. మర్నాటికి వీపు మీద నీటి పొక్కులు. కోడలు పిల్లను నడవలో వెలుతురులోకి తీసుకొచ్చి మా ఆవిడకు చూపించింది.

"ఆటలమ్మేనంటారా వదినా?"

"ఇంక అడగాలా? నా పెళ్ళయ్యాక చూడటం ఇదే, అయినా గుర్తుపట్టాను."

కోడలు లోపలికి వెళ్ళింది. కాసేపటికి మూకుడులో నూనె డబ్బాలోకి వంపేసి, బూడిదతో తోమి, చేతిపంపు పక్కన బోర్లించింది. సమోసాలాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

పిల్లలకు ఆటలమ్మ పోసిన ఇంట్లో పొయ్యి మీద నూనె కాగకూడదన్నది మా వైపు అందరికీ తెలిసిందే. పోపు పెట్టరు, అట్లు పోయరు. చప్పిడి పప్పు, పెరుగన్నం. ఇది హిందువుల ఇళ్ళల్లోనే అనుకునేవాణ్ణి. ముసలమ్మను అడిగితే ఆవిడ తేలిగ్గా తీసేసింది.

"మేము అమ్మవారని అనం నాయనా. పేరు ఏదైతే ఏంటి, వచ్చింది వచ్చిందేగా. నూనె కాగిన వాసన పిల్లకి పడదు. పొక్కులు మండిపోతయ్యి. మా అత్త మూకుడు దించింది, నేను దించాను, ఇదీ దించుద్ది."

"బయట ఎక్కడైనా వేయించుకుంటే?"

"పోసిన ఇంట్లోంచి తెచ్చి జనానికి తినిపిస్తామా? ఆళ్ళకీ పిల్లలున్నారుగా."

అంటుకునే జబ్బున్న ఇంట్లో వంట చేసి ఊరికి అమ్మకూడదని ఏ డాక్టరైనా చెబుతాడు.

ఆ సాయంత్రమే మా ఆవిడ మా పాపను పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. దీనికి టీకా ఉందని, అది ప్రైవేటులోనే దొరుకుతుందని నాకు విలేకరిగా తెలుసు, తండ్రిగా ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్క సూది ఖరీదు మా నెల కిరాణాతో పోటీ పడింది. నాకు జీతముంది కాబట్టి వేయించాము. తిరిగొస్తుంటే కోడలు నడవలో ఎదురై, పాప చేతికున్న దూది చూసి ఎంతయిందని అడిగింది. మా ఆవిడ చెప్పింది. కోడలు "అమ్మో" అని నవ్వి ఊరుకుంది. ఆ రాత్రి బండికే పిల్లవాణ్ణి బాపట్లలో ఉన్న తన తల్లి దగ్గరికి పంపించేసింది. చిన్నపిల్లల్ని అలా దూరంగా పంపడం వాళ్ళ ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతేనట.

పెద్దమ్మాయికి తగ్గింది. వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు పోశారు. మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది. సమోసాలాయన బుట్ట ఎత్తుకుని వెళుతూ మా గుమ్మం ముందు ఆగి, పాపకు రెండు సమోసాలిచ్చి వెళ్ళాడు. ఆ వారం తిరక్కుండానే రెండో అమ్మాయికి జ్వరం. మూకుడు దిగింది.

నేను ధాన్యం ధరల మీద ఏదో రాయడానికి రేపల్లె వెళ్ళింది ఆ రోజుల్లోనే. ఒక రైసుమిల్లు ముందు లారీకి బస్తాలెత్తుతున్నవాళ్ళలో సమోసాలాయన కనిపించాడు. భుజాన గోనెపట్టా, కనుబొమల దాకా తవుడు. అలవాటు లేని పని అని చూడగానే తెలుస్తోంది. బస్తా దించాక ప్రతిసారీ మెడ ఒక పక్కకు వంచి కాసేపు నిలబడుతున్నాడు.

సాయంత్రం ఇద్దరం ఒకే పెట్టెలో ఎక్కాం. ఎదుటి బల్ల మీద కోర్టు గుమాస్తా, రోజూ వచ్చే మనిషి, ఆయన్ను చూడగానే అందుకున్నాడు.

"ఏంటి భాయ్, ఇవాళ నువ్వు కూడా టిక్కెట్టు కొన్నావా?"

"కొనక తప్పుద్దా అండి. బుట్ట ఉంటేనే బండి మాది."

"నీ బుట్ట ఏమైందయ్యా? మళ్ళీ వారం నుంచి పళ్ళు ఊరికే ఉన్నాయి."

"ఇంట్లో పిల్లలకి పోసిందండి."

గుమాస్తా మొహంలో హాస్యం పోయి, "అయితే మంచి పని చేశావులే" అన్నాడు. భట్టిప్రోలులో బండి ఆగింది. ఒక నడివయసు మనిషి అల్యూమినియం పళ్ళెం నెత్తిన పెట్టుకుని ఎక్కాడు. సమోసా, వేడి సమోసా అని కేకేస్తూ మా వరసలోకి వచ్చి, సమోసాలాయన్ను చూసి కేక మింగేశాడు. తరువాత పళ్ళెంలోంచి ఒకటి తీసి ముందుకు చాపాడు.

"తిను అన్నా."

ఆయన తీసుకున్నాడు. చివర కొరికి నమిలి, "అటుకులు వేయలేదు. మెత్తబడిపోయింది" అన్నాడు మెల్లగా.

"కొట్లో కొన్నదన్నా. నాకు ఇంట్లో చేసేవాళ్ళెవరున్నారు?"

పళ్ళెం మనిషి తరువాతి పెట్టెలోకి వెళ్ళిపోయాడు. సమోసాలాయన మిగిలిన ముక్కను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. తెనాలి దగ్గరపడ్డాక నాతో అన్నాడు.

"ఇప్పుడే ఎక్కాడు కాబట్టి ఈసారికి దిగుతాడు. ఇంకోసారి మూకుడు దిగితే ఇక అంతే సార్. పిల్లోడు ఒకడున్నాడు ఇంకా. వాడికి ఎప్పుడొచ్చిద్దో."

మా పత్రిక ఆదివారం పేజీవాళ్ళు ఆటలమ్మ టీకా మీద వ్యాసం అడిగింది ఆ వారమే. బళ్ళల్లో కేసులు పెరుగుతున్నాయి, ఈ టీకాను కూడా ప్రభుత్వం ఉచితంగా వేస్తే ఏమవుతుంది, గిట్టుబాటేనా అని. బాపట్లలో ఒక రిటైర్డ్ ప్రొఫెసరు ఉన్నారు. వైద్య కళాశాలలో చాలాకాలం ప్రజారోగ్యం చెప్పినాయన. ఆయన్ను కలుద్దామని బయలుదేరుతుంటే కోడలు నడవలోకి వచ్చింది.

"అన్నయ్యగారూ, బాపట్ల వెళ్తున్నారంటగా. వచ్చేటప్పుడు మా చిన్నోణ్ణి తీసుకొస్తారా?"

"ఇంట్లో అమ్మాయికి ఇంకా తగ్గలేదుగా?"

"అందుకేనండి. దీని పక్కన పడుకోబెడితే వాడికీ ఇప్పుడే వచ్చేస్తది. ఒకేసారి అయిపోద్ది. వీళ్ళకి తగ్గి, మళ్ళా మూకుడు పెట్టాక వాడికొస్తే మా ఆయన లైను పోద్ది."

మా ఆవిడ లోపలి నుంచి, "అదేంటి, తెలిసి తెలిసి అంటిస్తావా పిల్లాడికి?" అంది.

"ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందేగా వదినా. మీ పాపకి సూది ఏయించారు. మాకు ఇదే సూది."

దెప్పిపొడుపేమీ లేదు ఆ మాటలో. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. తన నుదుటి మీదున్న చిన్న గుంట చూపించి, తనకు ఐదేళ్ళప్పుడే వచ్చి పోయిందని, ఏమీ కాలేదని కూడా అంది.

ప్రొఫెసరుగారు వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. నా ప్రశ్న పూర్తిగా విని, ఎవరి వైపు నుంచి లెక్క వేయమంటావని ఎదురడిగారు.

"ప్రభుత్వం వైపు నుంచి చూడు. ఈ జబ్బుకి ఆసుపత్రి ఖర్చు పెద్దగా ఉండదు. జ్వరం మాత్ర, ఒంటికి రాసుకునే లోషను. చాలామంది అదీ కొనరు, వేపాకుతో సరిపెడతారు. పిల్లలు చనిపోవడం అరుదు. టీకా చూస్తే ఖరీదు. ఆ డబ్బు ముందు తట్టుకీ, పోలియోకీ పెడదామంటారు. అది న్యాయమే."

"మరి ఇంటి వైపు నుంచి?"

"ఇంటి వైపు ఖర్చు మందుల్లో ఉండదయ్యా. పని మానుకోవడంలో ఉంటుంది. తల్లో తండ్రో పిల్లాడి దగ్గర కూర్చున్న రోజులు. పైదేశాల్లో లెక్కలు వేసినప్పుడు, ఆ రోజుల్ని కలిపితే టీకా గిట్టుబాటు అయింది, కలపకపోతే కాలేదు. మన దగ్గర ఆ రోజులు ఎవరూ అడగలేదు. కూలిమనిషి ఇంట్లో కూర్చుంటే దానికి విలువ కట్టేదెవరు?"

నేను మూకుడు సంగతి చెప్పాను. మొదట నవ్వారు. లైను సంగతి చెప్పాక నవ్వు ఆగింది.

"ఇది నేనెక్కడా చదవలేదు. పోయిన రోజులకు విలువ కట్టవచ్చు. పోయిన చోటుకి ఎలా కడతారు?"

ఆయన ఇంకో విషయం చెప్పారు. అది విన్నాక నాకు కుర్చీలో సుఖంగా అనిపించలేదు. స్తోమతున్నవాళ్ళు మాత్రమే టీకా వేయించుకుంటూ పోతే, ఊళ్ళో జబ్బు తిరగడం కాస్త తగ్గుతుందే గాని ఆగదు. చిన్నతనంలో తప్పించుకున్నవాళ్ళు కొందరు పెద్దయ్యాక దానికి దొరుకుతారు. పిల్లాడికైతే కొద్దిరోజుల జ్వరం. ముప్ఫై దాటినవాడికి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. కాబట్టి వేస్తే అందరికీ వేయాలి, సగం సగం వేయడం కొన్నిసార్లు అసలు వేయకపోవడం కంటే చెరుపు.

నేను పిల్లవాణ్ణి తీసుకురమ్మన్న మాట బయటపెట్టాను. తిడతారనుకున్నాను.

"ఆ తల్లి లెక్క తప్పని నేననను. ఆమెకున్న దారుల్లో అదొకటి. పిల్లాడికి సూది వేయిస్తే అసలు గొడవే ఉండదు. వేసినా ఒక్కోసారి నాలుగు పొక్కులు రావచ్చు గాని, తేలిగ్గా పోతుంది. సరే, ఒక్కటడుగు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళందరికీ ఇదివరకు వచ్చిందా?"

నాకు తెలియదు. అక్కడి నుంచి స్టేషను వెనక ఉన్న కోడలి పుట్టింటికి వెళ్ళాను. పిల్లవాడు గుమ్మంలో కూర్చుని జామకాయ కొరుకుతున్నాడు. వాడి అమ్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ నా మాట విని చాట కింద పెట్టింది.

"జబ్బు తెచ్చుకోటానికి పిల్లోణ్ణి బండెక్కించమంటారా? మీరు చదువుకున్నోళ్ళేనాండి?"

"నేను కాదమ్మా, మీ అమ్మాయే తీసుకురమ్మంది."

"దాని మొహం. మా అల్లుడి బుట్ట తప్ప దానికి ఏమీ కనపడదు. పిల్లోడు నా దగ్గరే ఉంటాడని చెప్పండి."

"నేను రాను. ఇక్కడ టీవీ ఉంది" అన్నాడు వాడు నోటినిండా జామకాయతో.

వాదించాలని నాకూ లేదు. ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. కోడలు నడవలో నా వెనక చూసి, ఎవరూ లేకపోయేసరికి లోపలికి పోయింది. సమోసాలాయన పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన మొహం చూశాను. ఎక్కడా చిన్న మచ్చైనా లేదు.

"మీకు చిన్నప్పుడు పోసిందా?"

"మా అమ్మ పోసిందనే అంటది సార్."

ముసలమ్మ లోపలి నుంచే, "ఇద్దరు కొడుకులకీ పోసింది. ఒకే చాప మీద పడుకోబెట్టా" అంది.

మూడో రోజున ఆయన మిల్లు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. ఒళ్ళు నొప్పులు బస్తాల వల్లేననుకున్నాడు. మర్నాటికి ఛాతీ, మెడ, తలలో వెంట్రుకల మధ్య కూడా పొక్కులు. ఆడపిల్లలకు వచ్చినట్టు కాదు. సందు లేకుండా పోసింది. ముసలమ్మ కొడుకు చొక్కా తీసి చూసింది. తరువాత మా ఆవిడతో చెప్పింది. ఒకే చాప మీద పడుకోబెట్టింది పెద్దకొడుకునీ, కూతురునీ. వీడు అప్పటికి పాలు మరిచిన పసివాడు. అంటుకుంటుందని రేపల్లెలో ఉన్న అక్క దగ్గరికి పంపేసింది. తగ్గాక తెచ్చుకుంది. ఇన్నేళ్ళల్లో ఆ పంపిన సంగతి మరిచిపోయి, పోసిన సంగతే ఇద్దరికీ కలిపి గుర్తుపెట్టుకుంది.

"నేనే దాచాను వదినా వీణ్ణి. దాస్తే ఇప్పుడు దొరికాడు" అంది. మా ఆవిడను ఆమె వదినా అనడం అదే మొదలు, అదే ఆఖరు. ఎవరితో మాట్లాడుతున్నదీ ఆమెకు తెలియలేదనుకుంటాను.

అప్పటిదాకా ఆ ఇంట్లో మందు అన్న మాట లేదు. ఆటలమ్మకు మందు వాడితే లోపలికి పోతుందని ముసలమ్మ నమ్మకం. ఆయనకు దగ్గు మొదలై, మాట్లాడితే ఆయాసపడుతున్నప్పుడు మాత్రం ఆమే రిక్షా పిలవమంది. ప్రభుత్వాసుపత్రిలో విడిగా ఒక గదిలో పెట్టారు. ఊపిరితిత్తుల్లో చేరిందని, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పారు. కోడలు అక్కడే ఉండిపోయింది. ఆడపిల్లలిద్దరూ మా ఇంట్లో తిని మా పాప పక్కనే పడుకునేవారు.

ఒక ఉదయం నేను ఆసుపత్రికి ఫ్లాస్కులో కాఫీ తీసుకెళితే, కోడలు మెట్ల మీద కూర్చుని ఉంది.

"అన్నయ్యగారూ, పిల్లోడికి సూది ఏయిస్తా."

"డబ్బు?"

"సినిమా హాలు క్యాంటీనాయన అడ్వాన్సు ఇస్తానన్నాడు. తరవాత సమోసాలేసి తీర్చుకుంటా. ఈయన లేచి నిలబడ్డాక వాడికొచ్చి మళ్ళా మూకుడు దించితే, ఈసారి ఎవరు మోస్తారు బస్తాలు?"

తనకు ఇదే సూది అని నడవలో చెప్పిన మనిషే. ఆ మాట గాని, దానికి ఇది వ్యతిరేకమన్న సంగతి గాని ఆమె మొహంలో లేదు. అప్పటి లెక్క అప్పటిది. బాపట్లలోనే ఒక పిల్లల డాక్టరు దగ్గర వేయించారు.

నా వ్యాసం ఆ ఆదివారం వచ్చింది. ప్రొఫెసరుగారు చెప్పిన రెండు వైపులూ రాశాను. పేజీలో ప్రకటన ఎక్కువై, చివరి రెండు పేరాలు తీసేశారు. పని మానుకున్న రోజుల సంగతి ఆ పేరాల్లోనే ఉంది. ఇలాంటివి మాకు కొత్త కాదు. ఇంటి ఓనరు మాత్రం చదివి, అయితే ప్రభుత్వం వేయదన్నమాట అని తేల్చేశాడు.

సమోసాలాయన ఇంటికొచ్చాక కూడా చాలారోజులు బయటికి రాలేదు. ఒళ్ళు తేలికపడింది గాని మొహం నిండా నల్లటి చెక్కులు. ఆ మొహంతో తినే వస్తువు అమ్మితే ఎవరు కొంటారు? కొబ్బరినూనె రాసుకుంటూ, అద్దంలో చూసుకుంటూ, నడవలో ఎండ వచ్చినంతసేపూ నీడలోకి జరుగుతూ కూర్చునేవాడు. చెక్కులు రాలి మచ్చలు తెల్లబడ్డాక, మూకుడు పెట్టమని ఆయనే అడిగాడు.

ఆ రోజు నేను కూడా స్టేషనుకు వెళ్ళాను. ఏం జరుగుతుందో చూడాలన్న విలేకరి దుర్గుణం కొంత, బెంగ కొంత. ప్లాట్‌ఫాం చివర అమ్మేవాళ్ళంతా పోగయ్యారు. భట్టిప్రోలు మనిషి పళ్ళెం కింద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీకు బాగోకపోతే నేనేం చేశానన్నా. ఖాళీగా ఉంటేనే ఎక్కాను. ఇప్పుడు దిగమంటే నేనెక్కడికి పోను?"

"దిగమని నేననలేదు. నా బుట్ట చూడు, నీ పళ్ళెం చూడు. జనాన్ని అడుగు."

"జనాన్ని అడిగితే ఇద్దర్నీ దిగమంటారు. ఊరికే ఇస్తే తింటారు" అన్నాడు టీ అమ్మే పెద్దాయన. వాళ్ళందరికంటే ముందు నుంచీ ఆ బండిలో అమ్ముతున్నవాడాయనే. ఆయన మాట అందరూ వింటారు. జామకాయలామె సమోసాలాయన మొహం కేసి చూసి, "చచ్చి బతికాడు పాపం, సగమన్నా ఇవ్వండి" అంది. చివరికి పొద్దుటి బండి ఈయనకు, సాయంత్రం బండి భట్టిప్రోలు మనిషికి అని తేలింది. టీ పెద్దాయన కెటిల్ ఎత్తుకుంటూ ఒక షరతు పెట్టాడు.

"ఇంకోసారి ఖాళీ పెడితే మాత్రం నా దగ్గరికి రాబాక. పొద్దుటిది కూడా అతందే."

"పెట్టను బాబాయ్" అన్నాడు సమోసాలాయన.

ఆ విధంగా సగం లైను మిగిలింది. సగం ఆదాయంతో ఆ ఇల్లు ఎలా నెట్టుకొచ్చిందో నేను పక్కనే ఉండి చూశాను. ఆడపిల్లల ట్యూషను మానిపించారు. మధ్యాహ్నాలు కోడలు మా వీధిలో రెండిళ్ళకు పిండివంటలు చేసిపెట్టడం మొదలుపెట్టింది. పిల్లవాణ్ణి బాపట్ల నుంచి తెచ్చుకున్నారు.

వాడు వచ్చిన కొద్దిరోజులకే, ఎండలు ముదిరాక, ఒక ఉదయం నడవలో గుసగుసలు వినిపించి బయటికి వచ్చాను. కోడలు పిల్లవాడి చొక్కా పైకెత్తి పట్టుకుంది. నడుం దగ్గర ఐదారు పొక్కులు. వాడికి జ్వరం లేదు, ఏమీ లేదు. చక్కిలిగిలి పెడుతోందని నవ్వుతున్నాడు. లోపల పొయ్యి మీద మూకుడు, నూనె కాగుతోంది. సమోసాలాయన జల్లెడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి తల్లి మొహం చూస్తున్నాడు. రేపల్లె బండికి గంట కూడా లేదు.

ముసలమ్మ కళ్ళజోడు తెమ్మంది. పెట్టుకుని, వంగి, ఒక్కొక్కటే వేలితో నొక్కి చూసింది.

"చెమటకాయలు" అంది.

ఆమె మా ఆవిడ వైపు తిరిగింది.

"నువ్వు చూడమ్మా. చెమటకాయలేనా?"

మా ఆవిడ నా వైపు చూడకుండా దగ్గరకు వెళ్ళి చూసింది. సూది వేసినా రావచ్చని ప్రొఫెసరుగారు చెప్పిన నాలుగు పొక్కుల సంగతి నేను ఆవిడకు చెప్పే ఉన్నాను.

"చెమటకాయలేనండి. మా పాపకి ప్రతి ఏడూ వస్తాయి" అంది.

"చాల్లే, మూకుడు కాడికి పో, బండి పోద్ది" అని ముసలమ్మ కొడుకును అదిలించింది. తరువాత గోడకు చుట్టి పెట్టిన చాప చంకన పెట్టుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని, "లోపల ఉక్కగా ఉంది. మీ వసారాలో గాలి వచ్చిద్ది" అంటూ మా వాటాలోకి వచ్చేసింది. చాప పరిచి వాణ్ణి పడుకోబెట్టింది. మా ఆవిడ పెరట్లోకి వెళ్ళి రెండు వేపమండలు తెచ్చి చాప తలాపున పెట్టింది. ముసలమ్మ వాటిని పిల్లవాడి తలకు దగ్గరగా జరిపింది. మా పాపకు సూది పడింది కాబట్టి మాకు భయం లేదు. పిల్లవాడు మా ఇంట్లో పడుకున్నాడు కాబట్టి వాళ్ళ ఇంట్లో ఏమీ రానట్టే. వెనక నుంచి సమోసాలు నూనెలో పడే చప్పుడు, తరువాత బుట్ట ఎత్తుకున్న మనిషి నడవలో గబగబా వెళ్ళిన చప్పుడు వినిపించాయి.

మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి భోజనానికి వచ్చాను. వసారాలో ముసలమ్మ విసనకర్రతో విసురుతూ కునుకు తీస్తోంది. పిల్లవాడు మా పాప బొమ్మల పుస్తకం తిరగేస్తున్నాడు. పళ్ళెంలో అన్నం, మీద పసుపుపచ్చగా ముద్దపప్పు, పక్కన పెరుగు. ఆవాలు లేవు, ఎండుమిర్చి లేదు.

"పోపు పెట్టలేదేంటి?" అన్నాను.

"వాడు చాప మీద ఉన్నన్ని రోజులూ ఇంతే. తినండి" అంది మా ఆవిడ.

"చెమటకాయలన్నావుగా?"

"చెమటకాయలే. మెల్లగా మాట్లాడండి, ఆవిడ నిద్రపోతోంది."